రోజూ ముందుకు జరిగే జీను

జీను దానంతట అది జరగదు. ఈ మాట అంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు, ముసలాడికి కనబడిన వాళ్ళందరి మీదా అనుమానమే అని. నవ్వుకోండి. కుంఫిణీ వాళ్ళ గుర్రపు దండులో జీనులు కుట్టి, ఆ తర్వాత జమీందార్ల ఇళ్ళలో కుట్టి, వేళ్ళు వంకర పోయేదాకా ఈ పని చేసినవాణ్ణి. పని మానుకున్నాను గానీ అనుమానం మానుకోలేదు. సూది పట్టుకోవడం మీకు ఎవరైనా నేర్పుతారు. ఎవర్ని ఎంతవరకు అనుమానించాలో నేర్పేవాళ్ళు తక్కువ. అందుకే ఆ కంబం లోయ గుర్రం సంగతి చెబుతున్నాను, వినండి.

మాది కోయంబత్తూరు దిక్కు, కినత్తుకడవు పక్క ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, దండులో దొరల తిట్లు, మూడూ వచ్చు నాకు. ఎంత వంకర గుర్రానికైనా జీను కుదురుస్తాడని దండులో ఒక పేరు పడింది. ఆ పేరు విని మధుర జిల్లా కంబం వైపు నుంచి, మన తెలుగువాళ్ళదే ఒక జమీను ఇంటి నుంచి, మనిషి వచ్చాడు. పెద్దదొర కాలం చేశాడట. ఆయన గుర్రానికి ఏ జీనూ కుదరడం లేదట. ఉన్నపళంగా రావాలట. మనిషే పోయాక ఆయన గుర్రానికి జీను కోసం అంత తొందరేమిటి అనుకున్నాను. నా అనుమానం అక్కడే మొదలు.

పోయాక గానీ సంగతి తెలియలేదు. వాళ్ళ కోట గోడలు కుంఫిణీ వాళ్ళు ఎప్పుడో పడగొట్టేశారు, ఫిరంగులు పట్టుకుపోయారు. మిగిలింది పొలాలు, బిరుదు, లాయంలో కొన్ని గుర్రాలు. పెద్దదొర కొడుకుని అందరూ చిన్నదొర అనేవారు. ఇరవై నిండీ నిండని వయసు, నలుగురిలో నోరు తెరవాలంటే బిడియం. పెద్దదొర తమ్ముడు ఒకాయన ఉన్నాడు. చిన్నదొర పిలిచినట్టే ఊరంతా ఆయన్ని చిన్నాయన అని పిలిచేది. ఏళ్ళ తరబడి పొలమూ చెరువూ కూలీలూ అన్నీ చూసుకున్నది ఆయనే. దాయాదుల్లో సగం మంది జమీను చిన్నాయనకే రావాలని కలెక్టరుకి అర్జీ పెట్టారు. చిన్నాయన ఆ అర్జీని అవుననలేదు, కాదనలేదు. చివరికి కలెక్టరు దొర తానే వచ్చి ఏటి ఒడ్డున డేరా వేసి, ఇద్దర్నీ కళ్ళారా చూసి తేలుస్తానని కబురు పెట్టాడు.

ఆ పొద్దు చిన్నదొర తన తండ్రి గుర్రం ఎక్కి ఇంటి నుంచి డేరా దాకా పోవాలి. లోయలో ప్రతివాడూ పెద్దదొరని ఆ తెల్ల గుర్రం మీద చూసినవాడే. కొడుకు వేరే గుర్రం మీద పోయినా, దాని మీద నుంచి పడినా, తండ్రి గుర్రమే వీణ్ణి ఒప్పుకోలేదు అనేస్తారు. కలెక్టరు చెవిలో ఆ మాట వేయడానికి దాయాదులు కాచుకునే ఉన్నారు. అంటే ఆ కుర్రాడి జమీను నా సూది మొన మీద ఉంది.

పెద్దదొర పాత జీను ఉంటే ఇంత తంటా ఉండేది కాదు. అది లోపల కొయ్య లేని మెత్తటి జీను. ఎక్కడ వేస్తే అక్కడ ఒదిగిపోయేది. కర్మల నాడు దాన్ని దానం ఇచ్చేశారు. ఇక కలెక్టరు ఎదుట గుడ్డ మెత్త వేసుకుని పోతే నామోషీ, దండువాళ్ళ మాదిరి కొయ్యచట్టం ఉన్న జీనే కావాలని ఇంట్లో పట్టు. నాకు ముందు మధుర నుంచి ఒకడు వచ్చి కుట్టాడు, దిండుక్కల్లు నుంచి ఒకడు వచ్చి కుట్టాడు. వాటిలో ఏది వేసినా గుర్రం భుజాల మీద వాపు లేచేది.

గుర్రాన్ని చూడగానే వాళ్ళని తిట్టుకోబుద్ధి కాలేదు. అది ఆడగుర్రం, వయసు మళ్ళుతోంది. మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట ఎముక ఎత్తుగా ఉంటుందే, మూపు అంటాం, అది దీనికి గోడ అంచులా సన్నగా పైకి లేచి ఉంది. వీపు దిగబడింది. ఎడమ భుజం కుడి భుజం కన్నా బలిసి ఉంది. దండులో అయితే ఇలాంటి దాన్ని బళ్ళకి కట్టేస్తారు. కానీ దాని చూపు మాత్రం నెమ్మది. నా చెయ్యి తగిలితే చర్మం ఒక్కసారి జలదరించి ఊరుకుంది. ఎవరో నొప్పి పెడుతున్నారు, అయినా ఇది మనుషుల్ని నమ్ముతూనే ఉంది అనిపించి నా మనసు అదోలా అయింది.

కొలతలు తీసుకుని, జీను ముందువైపు కొయ్య వంపు ఉంటుందే, ముందు విల్లు అంటాం, దాని ఎత్తు పెంచి, ఎడమ వైపు ఉన్ని తగ్గించి, కుడి వైపు కూరి, నా బుద్ధంతా పెట్టి కుట్టాను. లాయంలో వేసి చూస్తే అచ్చంగా అతికింది. భుజం ఎముక వెనకాల, ఎక్కడ కూర్చోవాలో అక్కడ. మరునాడు పొద్దున్నే చిన్నదొర సవారీ చేసి వచ్చాడు. జీను తీసి చూస్తే భుజాల మీద మళ్ళీ వాపు. మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ వాపు. మూడోసారి చర్మం చిట్లింది. నా పనితనం మీద నాకే నమ్మకం పోతుందేమో అన్నంత పనయింది. అంతలో నాలోని ముసలి బుద్ధి మేలుకుంది. అప్పటికి ముసలివాణ్ణి కాదు గానీ బుద్ధి మాత్రం మొదటి నుంచీ ముసలిదే.

మొదట లాయం చూసే మనిషి మీదకి పోయింది అనుమానం. ఇంట్లో నాలాగే తెలుగు మాట్లాడేవాడు. నేను గుర్రం గురించి ఏదైనా అడిగితే మాత్రం చటుక్కున అరవంలోకి దిగి "ఎనక్కు తెరియాదు" అనేవాడు, తనకేమీ తెలియదని. తెలియనివాడు ఇంటి భాషలోనే తెలియదంటాడు కదా! పైగా ఎప్పుడు చూసినా ఆ గుర్రం జూలుకి ఆముదం పట్టించి, దువ్వి, మూపు మీదకి పరిచి ఉంచేవాడు. నేను జూలు పక్కకి తీయబోతే ఏదో పని ఉన్నట్టు అడ్డం వచ్చేవాడు. ఒళ్ళు మండేది నాకు.

దండు నుంచి గుర్రాలకి లాడాలు కొట్టేవాడొకడు పని మీద వచ్చి గుర్రాన్ని చూసి, దీన్ని వదిలించుకోండి అని సలహా ఇచ్చిపోయాడు. వాణ్ణీ అనుమానించాను. పెద్దమ్మగారు, అంటే చిన్నదొర తల్లి, రోజూ నాకు చల్లటి మజ్జిగ పంపేది. ఎందుకింత మర్యాద అని ముందు కొంచెం లాయం పిల్లికి పోసి చూసేవాణ్ణి. పిల్లి బాగా బలిసింది.

అయితే అందరికన్నా పెద్ద అనుమానం చిన్నాయన మీద. ఆయన మాట తక్కువ మనిషి. లాయానికి వచ్చినప్పుడల్లా గుర్రం మూపు దగ్గర నిలబడి జూలు మీద చెయ్యి వేసి, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఉండేవాడు. అన్న కొడుకు పడిపోతే లాభం ఎవరికి? ఆయనకే. చిన్నపిల్లవాడికైనా తెలిసే సంగతి.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. చిన్నదొర గుర్రం ఎక్కేది లోపలి వాకిట్లో. అది ఆడవాళ్ళ కంట పడే చోటు, పనివాళ్ళం పోకూడదు. లాయం మనిషి కూడా గుర్రాన్ని వాకిలి దాకా తెచ్చి పగ్గం ఇచ్చి వచ్చేసేవాడు. ఇంట్లో చిన్నవాడు గుర్రం ఎక్కేముందు పెద్దవాడు పొట్టపట్టీ బిగువు చూడాలట, తాతల నాటి ఆచారం. తండ్రి లేడు గనక ఆ పని చిన్నాయనది. చిన్నదొర తల్లి చేత బొట్టు పెట్టించుకుని మెట్లు దిగి వచ్చేసరికి చిన్నాయన గుర్రంతో ఒంటరిగా ఉండేవాడు. తిరిగి వచ్చి దిగేదీ అక్కడే, పట్టీ వదులు చేసి పంపేదీ ఆయనే, అందుకే లాయానికి వచ్చేసరికి జీను నేను వేసిన చోటే కనిపించేది. తలుపు అవతల ఏం జరుగుతుందో నాకు కనపడదు. కనపడనిచోట నాకు నమ్మకం ఉండదు.

జీను ఎక్కడ తాకుతుందో, ఎక్కడ తాకదో చూడటానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దీపపు మసిలో ఆముదం కలిపి జీను అడుగున పలచగా పూస్తాం. వీపు మీద పడిన నల్లటి అచ్చు చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ రోజు తెల్లవారుతుండగా అడుగున పూసినట్టే ముందు విల్లు లోపల, జీను జరపాలంటే ఎవడైనా చెయ్యి పెట్టాల్సిన చోట, ఇంకాస్త దట్టంగా పూశాను. నేనే జీను వేసి, నేనే పట్టీ బిగించి, లాయం మనిషి చేతులు రెండూ ఒకసారి చూసి పంపించాను. వాడికి నాకు పిచ్చి పట్టిందనిపించి ఉంటుంది.

సవారీ అయ్యాక జీను తీశాను. తెల్లటి వీపు మీద రెండు అచ్చులు. ఒకటి నేను వేసిన చోట. రెండోది జానెడు ముందు, సరిగ్గా భుజాల ఎముకల మీద. గుర్రం అడుగు వేసినప్పుడల్లా ఆ ఎముక వచ్చి కొయ్యకి కొట్టుకుంటోంది. నా కుట్టుపనిలో లోపం లేదు! ఆ నిమిషాన నాకు కలిగిన సంతోషం మీకు చెప్పలేను. ఆ వెంటనే కోపం వచ్చింది. లాయం మనిషి చేతులు శుభ్రంగా ఉన్నాయి. చిన్నదొర చేతులూ శుభ్రంగానే ఉన్నాయి. నేను బయటికి వచ్చి చూస్తే చిన్నాయన వసారాలో నిలబడి కూలీలతో మాట్లాడుతున్నాడు. భుజం మీది తెల్ల పైపంచకి నల్లటి వేళ్ళ గుర్తులు.

దొరికాడు అనుకున్నాను. నేరుగా చిన్నదొర దగ్గరికి పోయి మసి సంగతి, అచ్చుల సంగతి, పైపంచ సంగతి అన్నీ ఆయన చెవిన వేశాను. మిమ్మల్ని కలెక్టరు ఎదుట కింద పడేయడానికి చూస్తున్నారు దొరా అని కూడా అన్నాను. ఆ కుర్రాడి ముఖం పాలిపోయింది. నాకున్న మగదిక్కు ఆయనొక్కడే అన్నాడు మెల్లగా, నాతో కాదు, తనలో తానే. తర్వాత నన్ను వెంటబెట్టుకుని లాయానికి వచ్చి చిన్నాయనకి కబురు పంపాడు.

ఆయన వచ్చాడు. చిన్నదొర తల ఎత్తకుండానే అడిగాడు.

"చిన్నాయనా, జీను ముందుకి జరిపేది నువ్వేనా?"

కాదంటాడని, నామీద విరుచుకు పడతాడని సిద్ధంగా ఉన్నాను. ఆయన నావైపు చూడనే లేదు. గుర్రం దగ్గరికి పోయి, మూపు మీద పరిచి ఉన్న జూలు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇట్ల రాప్పా. చూడు."

మూపు మొదట్లో వెంట్రుకలు ఎదురెదురుగా తిరిగి రెండు సుడులు. మా ఇంట్లో ఎద్దుని కొనాలంటే మా అవ్వ ముందు సుడులు చూసేది, తర్వాతే పళ్ళు చూసేది. ఎదురెదురు సుడులు వీపు మీద ఉంటే పాడె సుడి అంటారు మావాళ్ళు. ఆ పశువు ఉన్న ఇంట్లో పాడె లేస్తుందని భయం. దండులో గుర్రాలని ఎత్తూ పళ్ళూ చూసి కొంటారు, సుడి ఎవడూ చూడడు. దండు కూడు తిని నేనూ చూడటం మరిచిపోయాను.

చిన్నాయన చెప్పుకొచ్చాడు. గుర్రం వాళ్ళ లాయంలోనే పుట్టింది. సుడి సంగతి అన్నదమ్ములిద్దరికీ, లాయం మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. మనిషి బరువు కింద అణిగి ఉంటే ఆ సుడి ఏమీ చేయలేదని వాళ్ళకి ఎవరో చెప్పారట. గుడ్డ కప్పితే చాలదు, సవారీ చేసేవాడి బరువు దాని మీద పడాలి. అందుకని పెద్దదొర ఆ మెత్త జీనుని ఎప్పుడూ ముందుకి లాగి, సుడి మీద వేసుకునే ఎక్కేవాడు.

"కడకు ఒకనాడు వేడిగా ఉందని ఒట్టి వీపున ఎక్కి ఏటికి పోయినాడు మీ నాయిన. వచ్చి జరంతో పడినాడు. మళ్ళ లేవలేదు," అన్నాడు చిన్నాయన. "నిన్నుకూడా అట్ల పంపమంటావా నన్ను?"

మీ అమ్మకి తెలిస్తే గుర్రాన్ని ఆ పూటకి ఆ పూటే తరిమేస్తుంది, ఊరికి తెలిస్తే పాడె సుడి గుర్రం ఎక్కేవాడికి జమీనేమిటంటారు, అందుకే ఎవరికీ చెప్పలేదు అన్నాడు. అర్జీ సంగతి చిన్నదొర అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నేనేం చెయ్యాలి? నా అనుమానం నిజమే. చెయ్యి ఆయనదే. కానీ ఆ చెయ్యి ఎందుకు జరిపిందో నా ఊహకి అందనే లేదు. అయినా గుర్రం భుజం మీది పుండు పుండే కదా. నోరు మూసుకోలేకపోయాను.

"సామీ, ఆ పుండు మీద మళ్ళీ జీను వేస్తే కలెక్టరు ఎదుటనే పడదోస్తుంది. అప్పుడు సుడితో పనే లేదు," అన్నాను.

చిన్నాయన గుర్రం భుజం మీద వేలితో తాకి చూశాడు. అది వణికింది. అప్పటిదాకా ఆయన సుడినే చూశాడు గానీ పుండుని చూడలేదనుకుంటాను. జీను నువ్వు చెప్పిన తావులోనే వెయ్యి అన్నాడు. అంత సులువుగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. ఇన్నేళ్ళ భయాన్ని ఇంత తేలిగ్గా వదిలేసేవాడు ఎక్కడైనా ఉంటాడా? సుడి కథ నిజమే కావచ్చు, అడ్డం పెట్టుకోవడానికి మంచి కథ కూడా కావచ్చు. కలెక్టరు వచ్చేదాకా ఉన్న గడువంతా గుర్రానికి జీను వేయకుండా పసుపూ నూనే రాసి పుండు మాన్పాం. నేను లాయంలోనే పడుకున్నాను. మజ్జిగ మళ్ళీ పిల్లికి పోయడం మొదలుపెట్టాను.

కలెక్టరు వచ్చిన పొద్దు ఇంటి ముందు జనం కిక్కిరిసిపోయారు. ఆ రోజు మాత్రం లోపలి వాకిట్లో కాదు, వీధి గుమ్మం ఎదుటే ఎక్కాలి. నేను జీను వేశాను. భుజం ఎముక వెనకాల, పుండుకి దూరంగా, అచ్చంగా అతికింది. చిన్నదొర ఎక్కాడు. గుర్రం కదలకుండా నిలబడింది. పక్కనే చిన్నాయన కోసం నల్ల గుర్రం సిద్ధంగా ఉంది. పోయిన దొరకి తమ్ముడు గనక పక్కన సమానంగా గుర్రం మీద పోయే హక్కు ఆయనకి ఉంది. అర్జీ పెట్టిన దాయాదులు దానికోసమే ముందు వరుసలో నిలబడ్డారు.

చిన్నాయన బయటికి వచ్చాడు. నల్ల గుర్రం దాకా పోయి, దాని కళ్ళెం పట్టుకున్నవాడికి ఏదో చెప్పి వెనక్కి పంపేశాడు. చెప్పులు విడిచాడు. నేరుగా తెల్ల గుర్రం దగ్గరికి వచ్చి, జూలు కింద చెయ్యి పెట్టాడు. నేను రెండో వైపుకి ఉరికాను. చేతిలో ముల్లు ఉందో, సూది ఉందో అని నా భయం. ఏమీ లేదు. ఒట్టి అరచెయ్యి. సుడి మీద ఆనించి, తన ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కి పట్టుకున్నాడు.

"నడిపించప్పా. నేనుండాను," అన్నాడు.

చిన్నదొర కళ్ళు నిండాయి. గుర్రం కదిలింది. ఇంటి నుంచి ఏటి ఒడ్డు దాకా, ఎండలో, కాలే దుమ్ములో, లోయ లోయంతా చూస్తుండగా ఆ పెద్దమనిషి ఒట్టి కాళ్ళతో అన్న కొడుకు గుర్రం పక్కన నడిచాడు. చెయ్యి ఎత్తలేదు. నేను రెండో వైపు ఆ చేతినే చూస్తూ నడిచాను. జనంలో గుసగుసలు లేచాయి. దాయాదుల ముఖాలు చిన్నబోయాయి. జమీను ఎవరిదో అక్కడే తేలిపోయింది.

డేరా ముందు కలెక్టరు లేచి నిలబడి, ఆ ముసలాయన గుర్రం మెడ మీద చెయ్యి ఎందుకు పెట్టాడని దుబాసీని అడిగాడు. దుబాసీ, ఇంటి పెద్ద తన సమ్మతి తెలిపే ఆచారం దొరా అని అప్పటికప్పుడు కల్పించి చెప్పాడు. అలాంటి ఆచారం ఏ తెలుగు ఇంట్లోనూ లేదు. కలెక్టరు మాత్రం చాలా సంతోషించాడు. జమీను చిన్నదొర పేర రాశారు. తమాషా ఏమిటంటే ఆ తర్వాత దుబాసీ మాటే నిజమైపోయింది. ఆ ఇంట్లో ఇప్పటికీ కొత్త దొర గుర్రం ఎక్కితే ఇంటి పెద్ద మెడ మీద చెయ్యి వేసి నడుస్తాడట. ఎందుకో వాళ్ళకే తెలియదు.

నన్ను అక్కడే ఉండిపొమ్మన్నారు, ఉండిపోయాను. నా బుద్ధి మాత్రం ఊరుకోలేదు. ఆయన నిజంగా సుడిని అణచడానికే నడిచాడా, లేక అర్జీ బెడిసికొడుతుందని ముందే తెలిసి నలుగురి ఎదుట మంచి అనిపించుకున్నాడా? లాయం మనిషిని అడిగాను. ఈసారి తెలుగులోనే చెప్పాడు, నీకు అన్నం ఎట్ల అరుగుతుందప్పా అని. చిన్నదొర సవారీకి పోయినప్పుడల్లా ఊరి పొలిమేర దాటేదాకా చిన్నాయన అలాగే పక్కన నడిచేవాడు, చూసేవాళ్ళు ఉన్నా లేకపోయినా. అది కూడా అలవాటేమో అనుకునేవాణ్ణి.

కొన్నేళ్ళకి చిన్నాయన పోయాడు. ఏ సుడీ కారణం కాదు, వయసు. ఊరేగింపుకి తెల్ల గుర్రాన్ని కూడా తీసుకురమ్మన్నారని జీనుకి నూనె పట్టించి, తుడిచి, భుజాన వేసుకుని లాయం గుమ్మంలో నిలబడ్డాను. చిన్నదొర, అప్పటికి పెద్దదొరే, తానే లోపలికి వచ్చి గుర్రాన్ని విప్పుకున్నాడు. జీను అడగలేదు. ఎక్కలేదు. చెప్పులు విడిచి, జూలు పక్కకి తీసి, సుడి మీద అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకుని, పాడె వెంట నడిచాడు. ఇప్పుడు ఆ సుడి ఎవర్ని ఏం చేస్తుందని? పోయినవాడు ముందు పోతూనే ఉన్నాడు. అయినా స్మశానం దాకా ఆ చెయ్యి తీయలేదు.

నేను జీను భుజాన వేసుకునే అంత దూరమూ వెనక నడిచాను. ఆ రోజు నేనెవర్నీ అనుమానించలేదు.